బలం సూది

ఇన్‌స్పెక్టర్ భూపతి చంక కర్రను బూటు కాలితో నెట్టాడు. అది గచ్చు మీద జారుకుంటూ పోయి అవతలి గోడకు కొట్టుకుంది.

"ఇగ నడువ్. నీ నాటకం ఎంతసేపుంటదో చూస్త," అన్నాడు.

గది నడుమ నిలబడ్డ టీక్యా గోడ కోసం చెయ్యి చాచాడు. అందలేదు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడేలోపే కుడి తుంటి కింద నుంచి ఎవరో గుంజేసినట్టయి పక్కకు కూలిపోయాడు. కింది పెదవిని పళ్ల మధ్య బిగబట్టాడు. కాసేపటికి ఆ పెదవి మీద సన్నగా రక్తం ఊరింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సరోజన గుమ్మంలోంచి ఇదంతా చూసింది. లోపలికొచ్చి, ముందు కర్ర తీసి టీక్యా పక్కన పెట్టింది. ఆ తర్వాతే భూపతి వైపు తిరిగింది.

"నా కేసుల ముద్దాయి దొరికిండని నాకు టీవీ చూస్తే తెలిసింది సార్."

"మీరు ఇంకా కొలతలు తీసుకుంటున్నరు మేడం. మేము మనిషిని తెచ్చినం," అన్నాడు భూపతి నవ్వుతూ.

కేసు నిజంగా ఆమెదే. జనగామలో 'అస్థిబల' అనే చికిత్సా కేంద్రం ఉంది. తుంటి ఎముకకు లోపల రక్తం అందక, ఎముక కొంచెం కొంచెంగా చచ్చిపోయే జబ్బు ఒకటుంది. ఆ జబ్బు వచ్చినవాళ్లను అక్కడ మంచం మీద పడుకోబెట్టి, తీగచుట్టలు కుట్టిన పట్టీ నడుముకు కట్టి, విద్యుదయస్కాంత తరంగాలు పంపిస్తారు. ఆ యంత్రాలు నడిపే అబ్రహాం నిన్న మధ్యాహ్నం చనిపోయాడు. శవం కేంద్రం మిద్దె మీద, నీళ్ల ట్యాంకు వెనక దొరికింది. మెడకు యంత్రం పట్టీ తాలూకు నల్లటి వైరు బిగించి ఉంది. సరోజన పంచనామా చేయిస్తుండగానే భూపతి ప్రత్యేక బృందం రంగంలోకి దిగింది. తెల్లారేసరికి మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి టీక్యాను ఎత్తుకొచ్చి, తొర్రూరు శివారులో ఖాళీగా ఉన్న ఈ మిర్చి గోదాములో పడేసింది.

"నిన్న అబ్రహాం కాలర్ పట్టుకున్నది వీడే. నా కాళ్లు తిన్నవు కదరా అని ఒర్లిండట. ఊడ్చే కట్టమ్మ చూసింది. ఇంకేం గావాలె?" అన్నాడు భూపతి.

"శవం మిద్దె మీదున్నది సార్."

"అయితే?"

"అక్కడికి మెట్లు లేవు. వెనక గోడకు ఇనుప నిచ్చెన ఉన్నది. మొదటి మెట్టు నా మోకాలెత్తు. నిన్న నేనెక్కిన కాబట్టి తెలుసు." సరోజన టీక్యా వైపు వంగింది. "తమ్మీ, ఆ కాలు ఎంత ఎత్తు లేస్తదో చూపియ్యి. లేవకుంటే ఇడిసిపెట్టు."

టీక్యా రెండు చేతులతో తొడ పట్టుకుని పైకి లాగాడు. మడమ నేల మీద నుంచి జానెడు కూడా లేవలేదు. మొహం బూడిద రంగుకు తిరిగింది. చెవుల పక్క నుంచి చెమట కారింది.

"నాటకమాడేటోడు చెమట తెప్పించుకోలేడు," అంది సరోజన.

"ఎవడో సాయం జేసిండు. వాడు గూడ దొరుకుతడు."

"వాడు దొరికేదాక ఈయనను దవాఖానల పెట్టుండ్రి. ఇంకోసారి ఆ కర్ర మీద మీ కాలు పడితే, ఆ ముచ్చట గూడ టీవీలనే వస్తది."

భూపతి మొహంలో నవ్వు పోయింది. "సాయంత్రం పత్రికలోళ్లను పిలిచిన. అప్పటిదాక టైం మీది. వీడు కాదు ఇంకొకడంటే, వాన్ని తెచ్చి నా ముందర నిలబెట్టు. లేకుంటే వీడే," అన్నాడు. మీరు కాస్తా నువ్వుగా మారడం సరోజన గమనించింది. పట్టించుకోలేదు.

ఆమె నేల మీదే చతికిలబడి కూర్చుంది.

"అబ్రహాం కాలర్ పట్టినవా?"

"పట్టిన మేడం. అబద్ధమెందుకు చెప్త."

"ఎందుకు పట్టినవ్?"

"ఎనిమిది నెలలాయె. దినాం బస్సెక్కుడు, పోయి పండుడు, వచ్చుడు. ఎక్కేటప్పుడు ఒకరు లేపాలె, దిగేటప్పుడు ఒకరు దింపాలె. అన్నా, నాకు నయమైతదా కాదా అని నిన్న అడిగిన. కాదన్నడు. నీ ఎముక కుంగిపోయింది టీక్యా, పెద్ద దవాఖానకు పోయి కీలు మార్పిచ్చుకో అన్నడు. మరి ఇన్ని దినాలు ఎందుకు పండవెట్టినవ్ రా అని కాలర్ పట్టిన."

"ఆయన ఏమన్నడు?"

"ఏడ్సిండు మేడం. నన్ను కొట్టు టీక్యా అన్నడు. ఏడ్సెటోన్ని ఎట్ల కొడ్త? ఇడిసిపెట్టి వచ్చిన." టీక్యా పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "ఆయన మంచోడు. మొదట్ల నన్ను ఎడమ దిక్కు మంచం మీద పండవెట్టేది. ఓ దినం లేపి కుడి మంచం మీదికి మార్చిండు. డాక్టర్ సాబ్‌కు చెప్పకన్నడు."

సరోజన ఆ మాటను మనసులో పెట్టుకుంది. "అసలు నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"మిర్చి సీజన్ల. బస్తా ఎత్తుకుంటే గజ్జల్ల కలుక్కుమన్నది."

"అప్పుడు దవాఖానకు పోతే ఎముక ఫోటో తీసిండ్రా?"

"లే మేడం. ఫోటో అప్పటికే తీసి ఉండె."

సరోజన తల ఎత్తింది. "నొప్పి రాకముందు ఫోటో ఎవలు తీసిండ్రు?"

"డాక్టర్ సాబ్ వ్యాను వచ్చె గద. తండల గట్టి మనుషులు ఎవలెవలున్నరని అడిగిండ్రు. బస్తాలు మోసేటోళ్లం ఆరుగురం పోయినం. వరంగల్ తోల్కపోయి గుండ్రటి సొరంగం లెక్క ఉండే మిషన్ల పండవెట్టి తీసిండ్రు. మీ ఎముకలు ఉక్కు లెక్కున్నయిరా అన్నడు సాబ్. శాన సంబురపడ్డం. తర్వాత బలం సూది ఏసిండ్రు. వారం వారం వచ్చి ఏసేటోళ్లు. పైస దీస్కోలే, ఫుకట్ల."

గోదాములో మిర్చి ఘాటు ఇంకా పోలేదు. భూపతి తుమ్మి, చేతిరుమాలు తీసుకున్నాడు.

"బలం వచ్చిందా?"

"మస్తు వచ్చింది మేడం! రెండు బస్తాలు ఒక్కపారి లేపినం."

"మిగిలిన అయిదుగురు?"

"నలుగురు కర్రల మీదున్నరు. బుచ్చి లేడు. పత్తికి కొట్టే మందు తాగిండు. వాని తుంట్లు రెండూ పోయినయ్, పెండ్లాం ఎత్తుకుంటె తప్ప బయటికి పోయేటట్టు లేకుండె."

సరోజన లేచి నిలబడింది.

"ఏంది, కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయా?" అన్నాడు భూపతి.

"మీరు విన్నరు గాని లెక్క పెట్టలేదు సార్. ఏ రోగికైనా ముందు నొప్పి, తర్వాత ఫోటో, తర్వాత మందు. ఈయనకు ముందు ఫోటో. తర్వాత సూది. ఆఖరుకు నొప్పి."

భూపతికి అర్థమైందో లేదో కనుక్కోవడానికి ఆమె ఆగలేదు. పాలకుర్తి మీదుగా జనగామ వైపు జీపు మళ్లించింది.

కేంద్రానికి నిన్న వేసిన తాళం అలాగే ఉంది. కానిస్టేబుల్‌ను గుమ్మం దగ్గర ఉంచి, యంత్రాల గదిలోకి ఒక్కతే వెళ్లింది సరోజన.

రెండు మంచాలు. రెండు తలాపుల దగ్గర రెండు యంత్రాలు, కవల పిల్లల్లా ఉన్నాయి. అదే తెల్లటి డబ్బా, అవే పచ్చ దీపాలు, అదే పట్టీ. ఎడమ యంత్రానికి మాత్రం పట్టీ వైరు లేదు. కత్తితో కోసేశారు. అబ్రహాం మెడకు బిగిసింది అదే. నిన్న పంచనామాలో ఆ సంగతి రాయించింది కూడా. అయితే నిన్న తట్టని ప్రశ్న ఇప్పుడు తట్టింది. నిచ్చెన వైపు వెళ్లే వెనక తలుపు కుడి మంచానికి ఆనుకునే ఉంది. తొందరలో వైరు కావాల్సినవాడు చేతికందిన కుడి యంత్రాన్ని వదిలి, గది దాటి వెళ్లి ఎడమదాన్ని ఎందుకు కోశాడు?

కుడి యంత్రం మీట నొక్కింది. పచ్చ దీపాలు వెలిగాయి. ఫోన్లో దిక్సూచి తెరిచి పట్టీ దగ్గర పెట్టింది. ఉత్తరం చూపాల్సిన ముల్లు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. ఎడమ యంత్రం మీట నొక్కింది. అవే దీపాలు, అదే గుయ్‌మనే మోత. డబ్బా వెనక మరలు విప్పి మూత తీసింది.

లోపల దీపాలకు ఒక చిన్న బ్యాటరీ ఉంది. మోతకు బొమ్మ కారులో ఉండేలాంటి మోటారు ఉంది. బరువు కోసం సగం ఇటుక పెట్టారు. అంతే.

మంచం మారేదాకా టీక్యాను రోజూ బస్సు ఎక్కించి దించింది ఈ ఇటుక కోసం.

సరోజన మిద్దె ఎక్కింది. ట్యాంకు వెనక పాత తారు డ్రమ్ములో ఏవో కాల్చిన బూడిద ఉంది. అబ్రహాం వేళ్లు గోళ్లదాకా నల్లగా ఉన్నాయని శవాన్ని చూసినప్పుడే గమనించింది. యంత్రాల నూనె మరక అనుకుని భూపతి కొట్టిపారేశాడు. ఆమె చేతికి సంచి తొడుక్కుని డ్రమ్ములో చెయ్యి పెట్టింది. మసిబారి పగిలిన చిన్న గాజు మందు బుడ్లు వచ్చాయి. అడుగున తడి గోనె కింద ఉన్న ఒక బుడ్డి మాత్రం కాలలేదు. దాని మీద పేరు ఇంకా చదవడానికి వీలుగా ఉంది. గట్టి స్టెరాయిడ్ మందు. తగిన చోట, తగిన మోతాదులో ప్రాణం కాపాడుతుంది. మోతాదు మించి వారం వారం పొడిస్తే తుంటి ఎముకకు రక్తం ఆపేసి, దాన్ని లోపలి నుంచి చంపుతుంది. ఆ ముక్క నిన్న రాత్రే ప్రభుత్వ దవాఖాన డాక్టరును అడిగి తెలుసుకుంది. కేంద్రం రిజిస్టరులో అంతా కుర్రాళ్లే కనబడి, ఈ వయసులో ఈ జబ్బెందుకు వస్తుందని అడిగితే ఆయన చెప్పిన కారణాల్లో అదొకటి.

అబ్రహాం ఏడ్చి ఊరుకోలేదన్నమాట. టీక్యా వెళ్లిపోగానే సాక్ష్యం ఏరడానికి మిద్దె ఎక్కాడు.

ఆమె కిందికి దిగేసరికి కేంద్రం నడిపే డాక్టర్ కేశవరాం యంత్రాల గదిలో కూర్చుని ఉన్నాడు. తెల్ల కోటు, చేతులకు రబ్బరు తొడుగులు. కానిస్టేబుల్‌తో మర్యాదగా మాట్లాడి లోపలికి వచ్చాడు. విప్పిన డబ్బాను చూసి కూడా చలించలేదు.

"ఇటుక చూసి కంగారు పడ్డట్టున్నారు," అన్నాడు. "పరిశోధనలో అది పద్ధతే మేడం. సగం మందికి అసలు యంత్రం, సగం మందికి ఉత్తది. అప్పుడే తేడా తెలుస్తుంది. దేశమంతా అలాగే చేస్తారు."

"ఉత్తది తగులొచ్చని ఆ సగం మందికి చెప్పి చేస్తరు. మీరు చెప్పిండ్రా?"

"చెబితే అర్థమవుతుందా వాళ్లకి?"

"సరే. నాకు చెప్పుండ్రి, నాకర్థమైతది. ఈ యంత్రం ఎవలకు పనిచేస్తది?"

అతని కళ్లలో మొదటిసారి వెలుగు వచ్చింది. తన పని గురించి అడిగేవాళ్లు దొరికితే ఎవరికైనా వచ్చే వెలుగు. "మొదటి దశలో ఉన్నవాళ్లకు పనిచేయవచ్చు. ఎముక కుంగాక ఏ తరంగమూ దాన్ని లేపలేదు. చిక్కంతా అక్కడే ఉంది. మొదటి దశలో నొప్పి ఉండదు. నొప్పి లేనివాడు డాక్టరు దగ్గరికి రాడు. వచ్చేవాడేమో కుంగిన ఎముకతో వస్తాడు. నేనిక దేనిమీద నిరూపించను?"

"అందుకని మీరే వాళ్ల దగ్గరికి పోయిండ్రు," అంది సరోజన. "మంచి ఎముకను ముందు ఫోటో తీసి, సూదితోని చంపి, చావు మొదలైన దినం నుంచి లెక్క పెట్టుకున్నరు."

కేశవరాం కాదనలేదు. తల కొద్దిగా పక్కకు వంచి, తెలివైన విద్యార్థిని చూసినట్టు చూశాడు.

"ఎలుకల మీద చేయొచ్చు కదా అంటారు. ఎలుక నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. దాని తుంటి మీద మనిషి బరువు పడదు, నెత్తిన బస్తా ఉండదు. రుజువు మనిషిలోనే దొరకాలి. ఒక ఇరవై మంది కుంటితే రేపు లక్షమంది నడుస్తారు. ఆ ఇరవై మంది ఏం చేసేవాళ్లు? బస్తాలు మోసేవాళ్లు."

సరోజన చెయ్యి తనకు తెలియకుండానే పిడికిలి అయింది. దాన్ని వెనక్కి పెట్టుకుంది. కొట్టడం తేలిక. కొడితే రేపు కోర్టులో ఆ దెబ్బే మాట్లాడుతుంది.

"అబ్రహాం సంగతికొద్దాం. తొందరల ఉన్న హంతకుడు దగ్గరున్న కుడి యంత్రం వైరు కోస్తడు. మీరు గది దాటి పోయి ఎడమ దాని వైరు కోసిండ్రు. ఎందుకంటే కుడిది అసలుది. మనిషిని చంపబోతూ గూడ యంత్రం పాడైతదేమో అని చూసుకునేటోడు ఈ ఇంట్ల ఒక్కడే."

"అది ఊహ మేడం. కోర్టులో నిలవదు."

"చేతి తొడుగులు తీయుండ్రి."

అతను చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"రోగులు లేరు. తాళమేసిన దవాఖాన. తొడుగులెందుకు? తీయుండ్రి."

కానిస్టేబుల్ ముందుకొచ్చి రెండు మణికట్లూ పట్టుకున్నాడు. సరోజన తొడుగులు లాగేసింది. రెండు అరచేతుల మీదా అడ్డంగా వాత ఉంది. వైరును చుట్టుకుని బలమంతా పెట్టి లాగిన చేతుల మీదే పడే ఊదారంగు వాత. ఎడమ చేతిలో చర్మం కూడా లేచిపోయింది.

కేశవరాం తన చేతులను తానే చూసుకున్నాడు. అతని గొంతులో భయం వినబడలేదు. విసుగు వినిపించింది.

"ఏం చేశాడో తెలుసా వాడు? జాలి పడ్డాడు. ఇటుక మంచం మీదివాళ్లను అసలు మంచం మీదికి మార్చాడు. నాకు చెప్పకుండా, నెలల తరబడి. ఎవరు ఏ మంచం మీద ఎన్నాళ్లు పడుకున్నారో ఇక తేలదు. నా లెక్కంతా బురదైపోయిందని నెల కిందటే తెలిసింది, ఎవరి పనో తెలియలేదు. నిన్న మిద్దె ఎక్కబోతూ అది తన పనేనని గర్వంగా చెప్పాడు, కాల్చిన గాజు బుడ్లు ఏరి బయటపెడతానంటూ. టీక్యాకు కాలు రాలేదు, బుచ్చికి ప్రాణం రాలేదు. వాడి జాలి వల్ల ఒరిగిందల్లా ఒకటే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. కొత్త మనుషులతో."

సరోజన ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. "కొత్త మనుషులతోనా?"

అప్పుడే అతని కోటు జేబులో ఫోన్ మోగింది. ఆమె లాక్కుని, అందరికీ వినబడేలా పెట్టింది.

"సార్, వ్యాను కాడి నర్సు గీతను," అంది ఒక ఆడగొంతు. "సగం మందికి ఏసుడైపోయింది. కడమోళ్లు లైన్ల ఉన్నరు. మనం ఫోటోలు తీసినోళ్లకంటె ఎక్కువమంది వచ్చిండ్రు సార్. వాళ్లకు గూడ ఏద్దునా?"

"ఒక్క సూది గూడ ఎయ్యకు," అంది సరోజన. "పోలీస్."

ఫోన్ కట్టయింది.

"వ్యాను యాడున్నది?" సరోజన కేశవరాం కోటు పట్టుకుంది.

"భూపాలపల్లిలో. బొగ్గు లారీలకు లోడు ఎత్తేవాళ్ల గుడిసెల దగ్గర." ఇంత తేలికగా చెప్పేస్తాడని ఆమె అనుకోలేదు. "వెళ్లండి. ఆపండి. ఇవాళ్టిది మూడో సూది. అందులో సగం మందికి పని ఇప్పటికే మొదలై ఉంటుంది. మీకు ఒక్కటే చెబుతాను. వాళ్లకిప్పుడు నొప్పి ఉండదు. ఒళ్లంతా తేలిగ్గా ఉంటుంది. ఆకలేస్తుంది, నిద్ర తక్కువ పడుతుంది, పని ఎక్కువ సాగుతుంది. ఆ మందు గుణమే అది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి వాళ్లు ఎరగరు. మీరు వెళ్లి, అది విషం అని చెప్పండి."

సరోజన అతనికి బేడీలు వేయించి భూపాలపల్లికి ఫోన్ చేసింది. అక్కడ ఆమెతో ఒకప్పుడు పనిచేసిన హెడ్ కానిస్టేబుల్ ఎర్రయ్య దొరికాడు. నాలుగు మాటల్లో చెప్పింది. ఆయన ఎదురు ప్రశ్న వేయకుండా జీపు తీశాడు.

తర్వాత భూపతికి చేసింది. "చంపినోడు దొరికిండు. చేతుల మీద వైరు వాతలున్నయ్. టీక్యాను దవాఖానకు పంపుండ్రి."

"పత్రికలోళ్లు వచ్చి కూసున్నరు మేడం," అన్నాడు భూపతి.

"మంచిది. వాళ్ల ముందరనే టీక్యాను లేపి బండి ఎక్కియ్యుండ్రి. మీ చేతులతోని."

ఫోన్ పెట్టేసి, భూపాలపల్లి వైపు బయలుదేరడానికి ఆమె జీపులో కాలు పెట్టింది. అప్పుడే ఎర్రయ్య నుంచి ఫోన్ వచ్చింది. ఆయన రొప్పుతున్నాడు. ఆయన చుట్టూ సంతలో ఉన్నంత గోల.

"మేడం, వ్యాను దొరికింది. మందు డబ్బా జీపుల ఏసిన. గాని ఆ నర్సమ్మ లేదు, మందిల కలిసిపోయింది."

"డబ్బా పైలం. మీరు అక్కడి నుంచి వచ్చెయ్యుండ్రి ఎర్రయ్యన్నా."

"ఎట్లొస్త మేడం? జీపుకు అడ్డం పడ్డరు. ముందర పండినోళ్లు పండిండ్రు, టైర్ల గాలి దీసినోళ్లు దీసిండ్రు. మూడు వందల మందికి తక్కువ లేరు."

"వాళ్లకు చెప్పుండ్రి. అది ఎముకను చంపే మందని చెప్పుండ్రి!"

"చెప్పిన మేడం. మొత్తుకొని చెప్పిన. ఎవ్వలింటలేరు. ఒకామె నా ముందరనే బొగ్గు తట్ట లేపి నెత్తిన పెట్టుకొని చూపిచ్చింది. నిరుడు లేవలేకపోతుంటి, ఇప్పుడు ఎట్లున్న చూడు అంటది. ఏమని చెప్పాలె?"

జీపు వెనక సీట్లో బేడీలతో కూర్చున్న కేశవరాం కళ్లు మూసుకుని ఆ గోలను వింటున్నాడు.

ఫోన్లో ఆ ఆడమనిషి గొంతు దగ్గరికొచ్చింది. ఎర్రయ్య చేతిలోని ఫోన్ మీదికే వంగి అరుస్తున్నట్టుంది.

"మీకు జీపులున్నయ్, జీతాలున్నయ్! మాకు ఒక్క సూదన్న ఉండనియ్యరా? మా సూదులు మాకు ఇచ్చి కదులుండ్రి!"

ఆ వెంటనే అద్దం భళ్లున పగిలింది. ఎర్రయ్య ఏదో అనబోయాడు. రెండో రాయి తగిలిన చప్పుడు మెత్తగా వినిపించింది. ఆ తర్వాత సరోజన ఎంత పిలిచినా ఫోన్లో జనం కేకలే తప్ప ఆయన గొంతు రాలేదు.